సంశయమునకు ఒక గడి
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. పగలెల్ల లెక్కలు వ్రాసికొని, రాత్రివేళ ఈ గ్రంథాలయపు దీపము క్రింద కూర్చుండి భారత భాగవతములను టీకల సాయమున చదువుకొన్నవాడను. గురువు లేనివానికి టీకయే గురువు. అందువలన నిర్వాహకులు నన్ను ఏదేని కావ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. వారి యాజ్ఞను కొంచెము మార్చుకొని, నేను టీకను విడిచి టీకాను గూర్చి మాటలాడదలచితిని. ఒక్క దీర్ఘమే తేడా. అర్థము కాని పద్యమును గూర్చిన జంకును టీక పోగొట్టును. ప్రాణము తీయు రోగమును గూర్చిన జంకును టీకా తగ్గించును. మొదటిదాని కొరకు ఇరువదియైదేండ్లుగా ఈ మెట్లెక్కుచున్న నేను రెండవదాని యెడ వెనుకాడితిని. ఆ వెనుకాటును గూర్చియే నేడు చెప్పవలసి యున్నది.

2020వ సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొనెను. అదే నెల 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. ఈ తలుపులకు తాళము పడినది. పత్రిక ముట్టిన రోగమంటునేమో యని చందాదారులు పత్రికలు తెప్పించుట మానిరి. మరుసటి యేడు జనవరి 3వ తేదీన రెండు టీకాలకు ప్రభుత్వానుమతి లభించెను. ఒకటి పూణెలోని సీరం సంస్థ తయారు చేసిన కోవిషీల్డు; రెండవది మన హైదరాబాదున భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసిన కోవాగ్జిన్. జనవరి 16న వైద్యసిబ్బందితో టీకాలు మొదలైనవి. మార్చి 1 నుండి అరువదేండ్లు నిండినవారికి, ఏప్రిల్ 1 నుండి నలువదియైదేండ్లు దాటినవారికి, మే 1 నుండి పదునెనిమిదేండ్లు నిండినవారికి అవకాశము కలిగినది.

ఆ మార్చి నెలలో ఒకనాటి యుదయమున ఏ.ఎన్.ఎం. అమ్మాయి మా యింటికి వచ్చినది. అరుగుమీద కూర్చుండి చింతపండు పిక్క తీయుచున్న మా తల్లిని చూచి, "మామ్మగారూ, రేపు పి.హెచ్.సి.కి రండి, మీ వయసువాళ్లకి టీకా వేస్తున్నాం" అన్నది. మా తల్లి నా వంక చూచినది. "ఏమంటావురా? నువ్వు వెళ్లమంటే వెళ్తాను" అన్నది. నేను కొంచెమాలోచించి, "తొందరేముందమ్మా? నలుగురూ వేయించుకోనీ, చూద్దాం" అంటిని. నా మాటలో మూర్ఖత్వము లేదని నేనప్పుడనుకొంటిని. పత్రికలు చదువువాడను. కోవాగ్జిన్ మూడవ దశ ప్రయోగముల ఫలితములు వెలువడక మునుపే దానికి అనుమతి యిచ్చిరని చదివితిని. కోవిషీల్డు రెండు మోతాదుల నడుమ నాలుగు వారములని మొదట చెప్పినవారు మార్చి నెలలోనే ఆరు మొదలు ఎనిమిది వారములనిరి. మాట మార్చుచున్నారేమి యని సందేహించితిని. లెక్కలు వ్రాయువానికి సందేహించుట సహజగుణము.

ఏప్రిల్ నెలాఖరునకు రెండవ తరంగము మన వీధులలోనికి వచ్చినది. మే నెల రెండవ వారమున మా తల్లి కన్నుమూసినది. ఆమెకు జ్వరము వచ్చిన నాలుగవనాడు నేను నా మట్టుకు టీకాకై పోయితిని. మార్చిలో ఈగలు తోలుకొనుచున్న కేంద్రము ముందు ఆనాడు తెల్లవారుజాముననే బారులు తీరియుండిరి. లోపల మందు నిండుకొన్నది. మందున్నపుడు మనము లేము. మనము పోయినపుడు మందు లేదు. ఆ మే నెలలో దేశమున పెక్కుచోట్ల ఇదే కథ.

టీకా వేయించియుండిన మా తల్లి బ్రతికియుండెడిదా? ఆ మాట నేను చెప్పజాలను. తేలని పద్దును తేలినట్లు వ్రాయుట నా వృత్తికి విరుద్ధము. ఆమెకుండదగిన ఒక అవకాశమును నేను వాయిదా వేసితిని. తేలిన పద్దు అంతవరకే. ఆపై వచ్చిన ఫలితములు చూచితిని. రోగలక్షణములతో కూడిన కోవిడ్‌ను అడ్డుకొనుటలో కోవాగ్జిన్ ప్రభావము 77.8 శాతమని మూడవ దశ ప్రయోగమున తేలినది. టీకా పుచ్చుకొన్నవారికిని రోగము సోకవచ్చును. అయితే ఆసుపత్రి పాలగుట, ప్రాణము పోవుట మిక్కిలి తగ్గునని దేశదేశముల అనుభవము చెప్పినది.

జూన్ 20వ తేదీన ఆంధ్రప్రదేశమున ఒక్కరోజుననే 13 లక్షలకు పైగా టీకాలు వేసిరి. ఆ లెక్కలో నాదొకటి. మరునాడు ఆశా కార్యకర్త మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, మీ చేతిరాత బాగుంటుంది. ఇంకా వేయించుకోనివాళ్ల పేర్లు రాసి పెడతారా?" అని యడిగినది. ఒక పాత దస్తా పుస్తకము తీసికొని గడులు గీచితిని. వరుస సంఖ్య, ఇల్లు, పేరు, వయస్సు, వేయించుకొన్నారా లేదా. అంతటితో సర్కారు లెక్క సరిపోవును. నా కెందుకో తోచి, కడపట ఇంకొక గడి గీచి దానిపై "కారణము" అని వ్రాసితిని. ఆ గడి నిండిన కొలది నాకు కనువిప్పు కలిగినది.

వీధిలో నడచుచున్నపుడు నేనెరిగిన మాట యొక్కటే: "జనం భయపడుతున్నారు." ఇల్లిల్లు తిరిగిన పిమ్మట అది ఒక్క మాట కాదని తెలిసినది. మిరపకోతకు పోవు తల్లి చెప్పినది: "జ్వరం వస్తే రెండు రోజులు కూలి పోతుంది, ఎవరిస్తారు అన్నా?" ఆమెకు సూదియన్న భయము లేదు, వారాంతపు బత్తెము లెక్క తప్పునని భయము. ఒక ముసలి తాత, "ఫోనులో పేరు ఎక్కించాలంటగా, నా దగ్గర ఫోనెక్కడిది?" అనెను. ఫోను లేకున్నను ఆధారుకార్డుతో నేరుగా పోవచ్చునని ఆయనకెవరును చెప్పలేదు. ఒక యువకుడు తలవంచుకొని, టీకా వేసికొన్న పిమ్మట కొన్నాళ్లు మందు ముట్టరాదని విని ఆగితిననెను. క్రొత్తగా పెండ్లియైన యింట, సంతానము కలుగదను వదంతి. ఆ మాటను తెచ్చినది పొరుగూరి బంధువు పంపిన ఫోను సందేశము. ఇంకొకరు, "మాకు మొన్ననే వచ్చి పోయింది, ఇంకెందుకు?" అనిరి. వేరొకరు కోపముతో, "ఆసుపత్రిలో మా అన్నకి మంచం దొరకనప్పుడు ఎవరొచ్చారు? ఇప్పుడు సూది పట్టుకొని ఇంటికొస్తారా?" అనిరి. ఆ కడపటి పద్దు ఎదుట ఏమి వ్రాయవలెనో తోచక చాలసేపు కలము పట్టుకొని నిలిచితిని. చివరకు "దుఃఖము" అని వ్రాసితిని.

ఇవి యన్నియు ఒక్క రోగమా? ఒక్క మందుతో కుదురునా? కూలి పోవునను తల్లికి వైద్యశాస్త్రము బోధించిన ఫలమేమి? ఆమెకు కావలసినది కోత లేని రోజు సాయంకాలమున ఊరిలోనే టీకా వేయుట. ఫోను లేని తాతకు కావలసినది పక్కన నడచు ఒక మనుష్యుడు. వదంతి విన్న యింటికి కావలసినది ఓపికగా మాటలాడు వైద్యురాలు. దుఃఖించు యింటికి కావలసినది ముందుగా ఆ దుఃఖమును వినుట. టీకా సంగతి రెండవ రాకలో. మనము వీరందరిని ఒక్క తాటికి కట్టి "అజ్ఞానులు" అని పేరు పెట్టుట లెక్క తెలియని పని. పద్దులన్నియు ఒకే శీర్షిక క్రింద వ్రాసినవాని లెక్క ఏనాడును సరిపడదు.

చదువుకొన్నవారు సందేహింపరనుకొనుటయు పొరపాటే. రాజాజీ వంటి మేధావి 1955లో క్షయ నివారణకై వేయు బి.సి.జి. టీకాను వ్యతిరేకించి పుస్తకమే వ్రాసెను. ఆ వ్యతిరేకత నిలువలేదు. నేడు మన యింట బిడ్డ పుట్టగానే వేయు టీకాలలో బి.సి.జి. ఒకటి. కాని సందేహము పామరులసొత్తు కాదని తెలిసికొనుటకు ఆ యుదాహరణము చాలును. నేనును అందు కొకసాక్షిని.

అయిన, సంశయమును తీర్చుట యెట్లు? ఇచ్చట చరిత్ర కొంత దారి చూపును. ఇంగ్లండున జెన్నరను వైద్యుడు 1796లో గోమశూచి రసిని ఎక్కించిన మనుష్యునికి మశూచి సోకదని నిరూపించెను. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసినది ఈ దేశమున తొలి టీకా. మశూచిని అమ్మవారుగా కొలుచు జనులకు ఈ క్రొత్త పద్ధతిని ఒప్పించుట యెట్లని దొరలు తలపట్టుకొనిరి. అప్పుడు రెండు మార్గములు పుట్టినవి.

ఒకటి మద్రాసు మార్గము. 1819లో మద్రాసు ఆంగ్ల పత్రికలో ఒక లేఖ వెలువడెను. గోమశూచి టీకా పరదేశీయులది కాదనియు, ధన్వంతరి పేర గల సంస్కృత గ్రంథమున ముందే యున్నదనియు దాని సారాంశము. ఆ గ్రంథమును పండితులు వెదకిరి, దొరకలేదు. టీకాను జనులంగీకరించుటకై కల్పించిన శాస్త్రమది యని తరువాతి పరిశోధకులు అభిప్రాయపడిరి. మన తెలుగు వారికి పరిచితుడైన ఎల్లిస్ దొర, 1816లో తెలుగు సంస్కృతమునుండి పుట్టిన భాష కాదని వాదించిన మహనీయుడు, ఆయన సైతము గోమశూచి దేవత యిచ్చిన వరమనునట్లు తమిళమున ఒక కథ వ్రాసెను. వారి ఉద్దేశము మంచిదే. ప్రాణములు నిలుపుటకే ఆ పని చేసిరి. కాని మంచి ఫలము కొరకు కట్టుకథను శాస్త్రమనవచ్చునా?

రెండవది మైసూరు మార్గము. ఇంచుమించు 1805లో థామస్ హికీ యను చిత్రకారుడు మైసూరు రాజవంశపు రాణులు మువ్వురిని చిత్రించెను. అందొక చిన్నరాణి చీర చెరగు తొలగించి చేయి చూపుచున్నట్లుండును. ఆమె చూపునది టీకా వేయించుకొన్న చోటనియు, ఆ చిత్రము టీకా ప్రచారమునకు ఉద్దేశించినదనియు కొందరు చరిత్రకారులు చెప్పుదురు. ఆ మాట నిజమైన యెడల, ఆమె శాస్త్రము చెప్పలేదు, దేవతపేరు చెప్పలేదు. "నేను వేయించుకొంటిని, ఇదిగో" అని చూపినది. అంతే.

ఈ రెండింటిలో ఏది మేలో నిర్ణయించుటకు నాకు ద్రోణపర్వము సాయపడినది. ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళముల యెత్తున నడచుచుండెననియు, ద్రోణుని చంపుటకై అశ్వత్థామ మాటలో సగము సత్యము చెప్పిన క్షణమున అది నేలకు దిగినదనియు మనమందర మెరుగుదుము. ఆ సగము సత్యమువలన యుద్ధము గెలిచినది. కాని ఆ నాలుగంగుళములు తిరిగి రాలేదు. జనుల నమ్మకము ఆ నాలుగంగుళముల వంటిది. టీకా విషయమున "ఏమీ కాదు, అసలు ఏమీ కాదు" అనుట సగము సత్యము. చేయి నొచ్చును, జ్వరము రావచ్చును, ఒకటి రెండు దినములు ఒళ్లునొప్పులుండును. ఆ మాట దాచి సూది వేసిన, మరునాటి జ్వరమే వదంతికి సాక్ష్యమగును. పదిమందికి చెప్పును: "ఏమీ కాదన్నారు, చూడు!"

అరుదైన ప్రమాదమును గూర్చియు అంతే. కోవిషీల్డు వలన రక్తము గడ్డకట్టుట, రక్తస్రావము కొలదిమందికి కలుగవచ్చునని పాశ్చాత్య దేశములలో మొదట బయటపడినది. మన దేశపు నిపుణుల సంఘము 2021 మే నెలలో చెప్పిన లెక్క యిది: 10 లక్షల మోతాదులకు 0.61. అనగా కోటి మోతాదులకు ఆరింటికి దగ్గర. ఆ లెక్క చిన్నది. కాని అది సున్న కాదు. చిన్న లెక్కను చిన్న లెక్కగా చెప్పినచో జనులు తూచుకొందురు. సున్నయని చెప్పి, పిమ్మట బయటపడిన యెడల, మిగిలిన తొమ్మిది నిజములును అబద్ధములుగా కనపడును.

మోతాదుల నడుమ గడువు మారుటను గూర్చి నేను సందేహించితినని చెప్పితిని గదా. మే 13న ఆ గడువు పన్నెండు మొదలు పదునారు వారములని మరల మార్చిరి. ఇప్పుడు ఆలోచించిన నా వృత్తియే నాకు సమాధానము చెప్పుచున్నది. ఏ పుస్తకమున ఎఱ్ఱసిరాతో దిద్దుబాటు ఒక్కటియు లేదో ఆ పుస్తకమును తనిఖీదారు అనుమానించును. క్రొత్త ఆధారము వచ్చినపుడు దిద్దుకొనుట శాస్త్రమునకు తప్పు కాదు, లక్షణము. కాని ఎందుకు దిద్దితిమో అంచున వ్రాయవలెను. ఆ "ఎందుకు" అను మాట సామాన్యుని భాషలో సామాన్యుని చెవినబడలేదు. మా వంటివారి సందేహమునకు కారణము దిద్దుబాటు కాదు, అంచు ఖాళీగా నుండుట.

ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఒక ఆకుల మందు కొరకు వేలాది జనులు వచ్చిన సంగతి మీరెరుగుదురు. పరీక్షింపబడిన సూదికి వెనుకాడినవారే పరీక్షింపబడని మందుకు బారులు తీరిరని కొందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ మందిచ్చువాడు వారికి తెలిసినవాని వలె కనబడెను, వారి మాటలో మాటలాడెను, డబ్బడుగలేదు. నమ్మకము పోవు దారి యేదో, మందు పోవు దారియు అదే. మంచి మందు ఆ దారి వెంట రావలెను.

మన గ్రామమున వచ్చిన దారి యేదో చెప్పి ముగింతును. జూలై నెలలో ఒక ఆదివారము సాయంకాలమున ఈ గ్రంథాలయపు వరండాలోనే టీకాలు వేసిరి. కూలికి పోవు తల్లులు కోతలు లేని వేళకు వచ్చిరి. ఫోను లేనివారి పేర్లు కుఱ్ఱలు ఎక్కించిరి. ఏ.ఎన్.ఎం. అమ్మాయి ప్రతివారితోను, "రేపు జ్వరం రావచ్చు, ఈ మాత్ర వేసుకోండి, రెండు రోజులకి తగ్గకపోతే నాకు ఫోను చేయండి" అని ముందే చెప్పినది. అరగంట సేపు కూర్చుండబెట్టినపుడు వారి చేతికి పత్రికలిచ్చితిమి. ఒకామె నన్ను చూచి, "నీకు పడిందా అన్నా?" అని యడిగినది. "ఒకరోజు జ్వరం వచ్చిందమ్మా, తగ్గింది. ముందే వేయించుకోవాల్సింది" అంటిని. ఆమె వేఱు మాట లేక చేయి చాపినది. ఆనాడు రానివారును కలరు. వారితో మేము వాదింపలేదు. వారి గడిలో "మరల అడుగవలెను" అని వ్రాసితిమి. కొందరు మూడవసారి అడిగినపుడు వచ్చిరి. ఒకరిద్దరు నేటికిని రాలేదు. వారును మన పొరుగువారే. ఈ సభలో కూర్చుండియే యున్నారు. వారికిని నా నమస్కారము.

2021 అక్టోబరు 21 నాటికి దేశమున వేసిన మోతాదులు 100 కోట్లు. 2022 జూలై 17 నాటికి 200 కోట్లు. సందేహించిన దేశమే ఈ లెక్క పూర్తిచేసినది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. మశూచి 1975 పిమ్మట ఈ దేశమున కానరాలేదు. 1980లో లోకమునుండియే తొలగినదని ప్రకటించిరి. సహజ పోలియో వైరసు వలన ఈ దేశమున చివరి కేసు 2011లో వచ్చినది. ఇవియన్నియు టీకా వలన, టీకా వేయించుకొన్న చేతుల వలన జరిగినవి.

గ్రంథాలయమునకు ఇందు పని యేమని ఎవరైన అడుగవచ్చును. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసినది. ఆ యేటనే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఈ దేశమున కోటిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. ఆనాడు దానికి టీకా లేదు. వేయించుకొందమా వలదా యను సంశయమునకే చోటు లేదు. మనకు ఆ సంశయము దొరికినది. అది ఒక విధమున భాగ్యమే. దానిని వదంతికి వదలక, నలుగురు కూర్చుండి చదివి, అడిగి, తూచుకొను చోటు ఒకటి ఊరికి కావలెను. ఆ చోటు ఇదియే. మరల ఏనాడైన ఇట్టి కాలము వచ్చిన యెడల ఈ తలుపులు మూయుట కన్న, వరండాయైన తెరచియుంచుడని నిర్వాహకులకు నా మనవి.

నా దస్తా పుస్తకమును ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. ఎవరి రహస్యమును బయటపడకుండ పేర్లు వదలి కారణములు మాత్రమే ప్రతి వ్రాసితిని. ఒక్క పద్దునకు మాత్రము పేరుంచితిని. అది మొదటి పుటలో మొదటి వరుస. అది మా తల్లిది. "వేయించుకొన్నారా" అను గడిలో "లేదు" అని యున్నది. "కారణము" అను గడిలో "కుమారుడు ఆగుమనెను" అని నేనే వ్రాసితిని. ముందు కాలమున ఈ పుస్తకము తెరచువారు ఆ వరుస చదివి, తమ యింటి అరుగుమీద కూర్చున్న తల్లి తమవంక చూచి "ఏమంటావురా?" అని యడిగినపుడు, ఆగుమనక, తెలిసికొని, తోడు నడతురని నా యాశ.